చెరువు కడుపు, వాగు ఒడ్డు

తెలంగాణ గ్రామాల పహాణీలలో చెరువు ప్రస్తావన వచ్చినచోటల్లా దాని పక్కన ఒక మాట కనిపిస్తుంది: శిఖం. ఈ మాట మొదటిసారి విన్న విద్యార్థి దానిని శిఖకో శిఖరానికో చుట్టమని భావించి, నీరు నిలిచే పల్లానికి ఇంత ఎత్తైన పేరెందుకు పెట్టినారా అని ఆశ్చర్యపోవడం సహజమే. నిజానికి ఇది సంస్కృత శబ్దం కాదు. పారసీకంలో 'శికమ్' అనగా కడుపు. నిజాం ప్రభుత్వపు రెవెన్యూ లెక్కల ద్వారా ఆ మాట పల్లెలకు దిగి, తెలుగు నోట ఒత్తు తగిలించుకొని శిఖమైనది. చెరువు నిండుగా ఉన్ననాడు నీరు ఎంతవరకు పరచుకొంటుందో అంతమేర భూమి చెరువు కడుపు అన్నమాట. రెవెన్యూ గుమాస్తాలు పెట్టిన పేర్లలో ఇంత కవితాత్మకమైనది మరొకటి ఉండదేమో.

కడుపుకు నిండడమూ ఖాళీ కావడమూ రెండూ సహజ ధర్మాలే. చిక్కంతా ఖాళీగా ఉన్ననాడు వస్తుంది. వరుసగా రెండు మూడేండ్లు వానలు లేకపోతే శిఖం భూమి బయటపడుతుంది. ఏండ్ల తరబడి పేరుకొన్న ఒండ్రుమట్టి గనుక అంతటి సారవంతమైన నేల ఊరిలో మరొకటి ఉండదు. ఎవరో ఒకరు అక్కడ జొన్నలు చల్లుతారు. మరుసటి ఏడు గట్టు వేస్తారు. ఆ తరువాత బావి త్రవ్వుతారు. పదేండ్లకు అది పొలమవుతుంది. పట్టణం దగ్గరిదైతే ఇండ్ల స్థలమవుతుంది. తిరిగి మంచి వాన కురిసిననాడు నీరు తన చోటికి తాను వస్తుంది. అప్పుడు పంట మునిగినవాడు అర్ధరాత్రివేళ తూము లేపుతాడు, లేదా మత్తడి రాళ్లు తొలగిస్తాడు. దిగువ ఆయకట్టు రైతు తెల్లవారి లేచి చూచేసరికి చెరువు సగం ఖాళీ. ఇది ఏ ఒక్క ఊరి కథ కాదు.

ఈ వ్యవహారాన్ని పరిశీలించడానికి నిజామాబాదు, బోధను ప్రాంతం తగినచోటు. ఇందూరు అని పూర్వనామం గల నిజామాబాదు నుండి బోధనుకు పోయే దారిలో జానకంపేట వద్ద అశోకసాగరం. ఆ చుట్టుపట్లనే అలీసాగరం. బోధను అంచున బెల్లాల్ చెరువు. నిజామాబాదులో కోటగుట్ట దగ్గర రఘునాథ చెరువు. నడుమ నడుమ లెక్కకు మిక్కిలి కుంటలు, వాగులు, ఒర్రెలు. బోధను సామాన్యమైన ఊరు కాదు. బౌద్ధ వాఙ్మయంలో షోడశ మహాజనపదాలలో ఒకటిగా వినిపించే అశ్మకానికి రాజధానియైన పోదన నగరం ఇదేనని చరిత్రకారులనేకులు భావిస్తారు. అంతటి నగరం ఇక్కడ వెలయడానికి కారణమేమని అడిగితే పటం చూపితే చాలును. పడమట మంజీర, ఉత్తరాన గోదావరి. కందకుర్తి వద్ద ఆ రెండింటితో హరిద్ర కలిసి త్రివేణీ సంగమమవుతుంది. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడనే.

మంజీర మహారాష్ట్రలోని బీడు జిల్లాలో బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటకంలోని బీదరు మీదుగా తెలంగాణలోకి వచ్చి, మొత్తంమీద 724 కిలోమీటర్లు ప్రయాణించి కందకుర్తి చేరుతుంది. ఆ నదికి అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య అడ్డంగా 1923లో మొదలై 1931లో ముగిసిన కట్టడమే నిజాంసాగరం. ఆనాటి ముఖ్య ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు. ఇప్పుడది కామారెడ్డి జిల్లాలో ఉన్నా, దాని కాలువ నీటితో పండినది ప్రధానంగా బాన్సువాడ, బోధను, నిజామాబాదు ప్రాంతాల నేల. రెండు లక్షల డెబ్బది అయిదు వేల ఎకరాలకు నీరందించాలని దాని సంకల్పం. ఆ కాలువ ఉన్నందుననే బోధనులో చెరకు పండినది. చెరకు పండినందుననే 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. కర్మాగారం వెలసినందుననే శక్కర్‌నగరమనే కొత్త ఊరు పుట్టినది. ఒకప్పుడు ఆసియా ఖండంలోనే పెద్దదని పేరుగన్న ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడినది. కర్మాగారం కథ వేరు. ఇక్కడ చెప్పదలచినది నీటి కథ.

నిజాంసాగరం మొదట 29.7 టి.ఎం.సి.ల నీటిని పట్టేది. నదితో వచ్చే మట్టి ఏటేటా కొంత అడుగున చేరుతుందని కట్టినవారికి తెలియక కాదు. సంవత్సరానికి 530 ఎకరా అడుగుల పూడిక చేరవచ్చునని లెక్క వేసినారు. ఒక ఎకరం నేలమీద ఒక అడుగు ఎత్తున మట్టి పోస్తే ఎంతో, అది ఎకరా అడుగు. కాని తరువాతి పరిశీలనలో తేలినది సంవత్సరానికి 8,725 ఎకరా అడుగులు. అంచనాకు పదహారు రెట్లు పైమాట! 1973 నాటికి జలాశయంలో నీరు పట్టే చోటు 11.8 టి.ఎం.సి.లకు కుంచించుకుపోయినది. నలుబది ఏండ్లలో సగానికి పైగా చోటును మట్టి ఆక్రమించినదన్నమాట. శిఖం భూమిని ఆక్రమించినవానిని తహసీలుదారు పిలిచి మందలించగలడు. ఈ ఆక్రమణదారును ఎవరు పిలువగలరు? ఆ తరువాత నీటిమట్టాన్ని 1,405 అడుగులకు పెంచి నిల్వను 17.8 టి.ఎం.సి.లకు తేగలిగినారు. పైన సింగూరు జలాశయం ఏర్పడి, మంజీర నీరు హైదరాబాదు దాహానికి మళ్లినమీదట నిజాంసాగరం కాలువ చివరి భూములు ఎండినవి. ఆ లోటు పూడ్చడానికి నవీపేట మండలం కోస్లీ వద్ద అలీసాగరం ఎత్తిపోతలు, నందిపేట మండలం ఉమ్మెడ వద్ద గుత్ప ఎత్తిపోతలు నిర్మించి, గోదావరి నీటిని మరల పైకి తోడి పోయవలసి వచ్చినది. కొండనుండి ఉచితంగా దిగివచ్చిన నీటికి చోటు లేకపోయినది; దిగువకు జారిన నీటిని విద్యుత్తు ఖర్చుతో పైకెత్తవలసినది.

ఇంత మట్టి ఎక్కడిది? మూడు రాష్ట్రాల పొలాలది. మెట్ట చేల మీద పడ్డ వాననీరు ఒర్రెలోకి, ఒర్రెనుండి వాగులోకి, వాగునుండి నదిలోకి దిగుతుంది. వాగు ఒడ్డున చెట్టూ చేమా, గడ్డీ గాదమూ ఉన్నప్పుడు ఆ నీరు అక్కడ నిదానిస్తుంది. వేగం తగ్గిన నీరు మట్టిని మోయలేదు. గడ్డి మొదళ్లలో వదిలివేస్తుంది. ఏరుమద్ది, కానుగ, వెదురు, ఈత వంటివి ఒడ్డును వేళ్లతో అల్లి పట్టుకుంటాయి. నీరు కొంత ఇంకి, చుట్టుపట్ల బావులకు వేసవిదాకా ఊట అందుతుంది. పొలాలలో చల్లిన ఎరువులోని నత్రజని, భాస్వరం నేరుగా చెరువును చేరకుండా ఆ గడ్డిపట్టె కొంతవరకు ఆపుతుంది. ఈ పట్టెను దున్నివేసి, నీటి అంచువరకు మళ్లు కట్టినప్పుడు పొలానికి కలిసివచ్చేది మూడు నాలుగు గజాలు మాత్రమే. వరద వచ్చిననాడు కోసుకుపోయేది అంతకు రెట్టింపు. అయినా ఏటేటా దున్నుతూనే ఉంటారు. ఎందుకనగా ఒడ్డున తాను వదిలిన గడ్డిపట్టె వలన మేలు కలిగేది తనకు కాదు, దిగువవానికి. ఎగువవాడు వదలనిదే తాను మాత్రం ఎందుకు వదలాలని ప్రతివాని ప్రశ్న. దీనికి ఒక్కొక్క రైతుకు విడిగా సమాధానం చెప్పడం కష్టమే.

పూర్వులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు వద్ద 1369వ సంవత్సరపు శాసనమొకటి ఉన్నది. విజయనగర రాజవంశీయుడైన భాస్కర భవదూరుడు ఆ చెరువును నిర్మించి వేయించిన ఆ శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు ఉండరాని ఆరు దోషాలను పేర్కొన్నారు. కట్టనుండి నీరు ఊరడం, చవుటి నేల, చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట ఉండడం, నీరు కొద్దియై భూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి కొద్ది కావడం: ఈ అయిదూ ఇంజనీరుకు తట్టే దోషాలే. ఆరవది మాత్రం వేరు జాతికి చెందినది. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం! కట్ట ఎంత గట్టిదైనా, నీరు ఎంత తియ్యనిదైనా, యజమానులు ఇద్దరైనచోట చెరువు నిలువదని ఆరువందల యేబది ఏండ్లనాడే గుర్తించినారు. నీటిపారుదల శాస్త్రాన్ని బోధించే నేటి గ్రంథాలలో సైతం ఈ ఆరవ దోషానికి దక్కవలసినంత చోటు దక్కుతున్నదా అన్నది సందేహమే.

ఇప్పుడు నిజామాబాదు జిల్లాలోని ఏ చెరువునైనా తీసుకొని చూస్తే అది రెండు కాదు, ఆరేడు రాజ్యాల సరిహద్దున ఉన్నట్లు కనిపిస్తుంది. కట్ట, తూము, మత్తడి నీటిపారుదల శాఖవి. శిఖం భూమి కొలతలు రెవెన్యూ శాఖ చేతిలో ఉంటాయి. చెరువులోని చేపపిల్ల మత్స్య శాఖది. ఎగువ గుట్టమీది అడవి అటవీ శాఖది. కట్టమీది ఈతచెట్టు నుండి దిగే కల్లు ఆబ్కారీ శాఖ లెక్కలోనిది. పక్కనున్న ఊరి మురుగు పంచాయతీదో పురపాలక సంఘానిదో. పూడిక తీసిన మట్టి పొలానికి పనికివచ్చునో రాదో చెప్పవలసినది వ్యవసాయ శాఖ. ఇందులో ఏ ఒక్కరూ తమ పని చేయరని కాదు. ప్రతివారూ తమ హద్దులోపల తమ పని చేస్తారు. నీరు మాత్రం ఆ హద్దులనెరుగదు. తూము బాగుచేసిన సంవత్సరమే ఎగువ కట్టుకాలువ మూసుకుపోతుంది. కట్టుకాలువ త్రవ్విన సంవత్సరమే అందులోకి మురుగు వదులుతారు.

పూర్వం దీనికొక ఏర్పాటు ఉండేది. చెరువు కట్టించినవారికి, బాగుచేసినవారికి దశబంధం క్రింద భూమి ఇచ్చేవారు. తూము లేపి దించడానికి, మడిమడికీ నీరు పంచడానికి నీరటి ఉండేవాడు. ఎప్పుడు ఏ పక్కకు నీరు మళ్లించాలో, ఎండాకాలం పశువులకు, చేపలకు ఎంత నీరు మిగల్చాలో అతనికి తెలుసు. కట్టమీద మైసమ్మ గుడి ఉండేది; ఈనాటికీ ఉన్నది. కట్ట మైసమ్మకు బోనమెత్తే ఊరు కట్టను త్రవ్వడానికి జంకేది. ఐతే పాతకాలమంతా బంగారమని చెప్పరాదు. చెరువు పూడిక తీసిన చేతులలో చాలా చేతులు వెట్టి చేతులు. నీరటికి దక్కినది కొద్దిపాటి గింజలు. మొదటి తడి పారినది దొర మడికి. ఆ ఏర్పాటు పోయినందుకు కంటనీరు పెట్టవలసిన పనిలేదు. దాని స్థానంలో మరొకటి సరిగా నిలువకపోవడమే విచారించదగినది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచినది. ఆలోచన మంచిదే. ఆయకట్టు రైతులకు అందులో ఓటు కలిగినది. చెరువులో చేపలు పట్టే గంగపుత్రునికి, ముదిరాజుకు, కట్ట పక్కన గొర్రెలు మేపేవానికి, శిఖం పక్కన మట్టి తీసే కుమ్మరికి మాట ఎంతవరకు దక్కినదన్నది వేరు ప్రశ్న.

తెలంగాణ ఏర్పడిన పిమ్మట చెరువుల పునరుద్ధరణకు పూనుకొన్న పథకం మిషన్ కాకతీయ. 2015 మార్చి 12న ఆనాటి నిజామాబాదు జిల్లాలోని సదాశివనగరం పాతచెరువు వద్దనే అది ప్రారంభమైనది. రాష్ట్రంలోని 46,531 చెరువులు, కుంటలను అయిదు విడతలలో బాగుచేయాలని లక్ష్యం. గోదావరి, కృష్ణా పరీవాహకాలలో చిన్ననీటి వనరులకు కేటాయించిన 265 టి.ఎం.సి.లను పూర్తిగా వాడుకోవడం దాని ఉద్దేశం. ఇందులో మెచ్చదగిన అంశమొకటి ఉన్నది. తీసిన పూడికమట్టిని రైతులే తమ ఖర్చుతో తమ పొలాలకు తోలుకున్నారు. చెరువుకు లోతు, చేనుకు సారం. ఏ ఎగువ పొలంనుండి ఏనాడో కొట్టుకువచ్చిన మట్టి ఇన్నాళ్లకు మరల పొలానికి పోయినది. ఏ శాఖ ఉత్తరువూ సాధించలేని సహకారాన్ని ట్రాక్టరు పెట్టె సాధించినదని చెప్పవచ్చును.

అదే సంవత్సరం మొదలైన హరితహారంలో భాగంగా చెరువు కట్టల వెంట, వాగుల వెంట ఈత మొక్కలు నాటించినారు. ఈ ఒక్క వరుస ఈతచెట్ల వెనుక ఎన్ని శాఖల చేతులు కలిసినవో గమనించదగినది. మొక్కలు నాటించే బాధ్యతలో ఆబ్కారీ శాఖకు పాలు; గుంతలు త్రవ్వినవారికి కూలి ఉపాధిహామీ పథకం నుండి; స్థలం నీటిపారుదల శాఖది; కాపాడవలసినవారు గౌడ సంఘంవారు, ఎందుకంటే పెరిగిన చెట్టు వారికే బువ్వ పెడుతుంది. మట్టికట్ట మీద పెద్ద వేళ్లు గల చెట్లు ఉండరాదని ఇంజనీర్లు అంటారు. చెట్టు చచ్చి వేరు కుళ్లినచోట కట్టలో సొరంగమేర్పడి నీరు ఊరుతుందని వారి భయం. అది ఉపేక్షింపదగిన మాట కాదు. కట్టమీద కాక, శిఖం హద్దు పొడవునా ఈత వరుస వేస్తే ఈ వాదానికి తావే ఉండదు. రాతి పాతుకు కాళ్లు వచ్చి రాత్రికి రాత్రి జరుగుతుందని పల్లెల్లో ఎరుగనివారెవరు? కల్లు గీసేవాని బ్రతుకు ముడిపడిన చెట్టు అంత తేలికగా జరుగదు.

పూడిక తీయడం కంటికి కనబడే పని. కొలిచి బిల్లు వ్రాయవచ్చును, ఫొటో తీయవచ్చును. కట్టుకాలువను బాగుచేయడం అట్టిది కాదు. పథకంలో దానికీ చోటు కలదు. కాని కాలువ పదిమంది పట్టా భూముల గుండా పోతుంది; పదిమందిలో ఒకడు ఒప్పుకొనకపోయినా పని ఆగుతుంది. నోరు మూసుకుపోయినవానికి కడుపు కడిగి ఏమి లాభం? అట్లే పట్టణాలలోని చెరువులను మినీ ట్యాంకుబండ్లుగా తీర్చిదిద్దడంలో మంచితో పాటు ఒక పొరపాటు కూడా దొర్లుతున్నది. నిజామాబాదులో రఘునాథ చెరువును ఆ విధంగానే అభివృద్ధి చేయ సంకల్పించినారు. సాయంకాలం పట్టణవాసులు నడవడానికి బాట, కూర్చోవడానికి అరుగు ఉండడం మంచిదే; జనం చూస్తున్న చెరువులో చెత్త పోయడానికి ఎవరైనా సంకోచిస్తారు. కాని చెరువు అంచును చుట్టూ నిలువుగా త్రవ్వి రాయి పరిస్తే అది చెరువు కాక తొట్టి అవుతుంది. నీరు క్రమంగా పలుచబడి తుంగకు, జమ్ముకు, బురదకు దారితీసే ఏటవాలు అంచు ఉన్నచోటనే కొంగ నిలబడి వేటాడగలదు, నీటికోడి గూడు కట్టగలదు, చేప గుడ్లు పెట్టగలదు. చలికాలంలో హిమాలయాలకు ఆవలినుండి వచ్చే బాతులు తొట్టిలో దిగవు. పట్టణ మురుగు చేరిన చెరువులో దక్షిణ అమెరికానుండి వచ్చిన గుర్రపుడెక్క అల్లుకోవడం మాత్రం జరుగుతుంది. నిజామాబాదు నడుమ పారే పూలాంగు వాగును చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

చట్టం ఏమంటున్నది? చిత్తడినేలల పరిరక్షణకై 1971లో ఇరాన్ దేశపు రాంసార్ పట్టణంలో అంతర్జాతీయ ఒడంబడిక జరిగినది. భారతదేశం అందులో 1982లో చేరినది. మన కొల్లేరుకు 2002లో ఆ గుర్తింపు లభించినది. కేంద్రప్రభుత్వం 2017లో చిత్తడినేలల నియమాలు చేసి రాష్ట్రాలలో ప్రాధికార సంస్థలను ఏర్పరచినది. వివిధ శాఖల అధికారులను ఒకచోట కూర్చోబెట్టడమే ఆ సంస్థ రూపం. కాని ఆ నియమాలలో చిత్తడినేల అనగా ఏమిటో చెప్పే నిర్వచనంలోనే మెలిక ఉన్నది. నదీగర్భాలు, వరిమళ్లు, త్రాగునీటికై మానవులు నిర్మించిన చెరువులు, సాగునీటికై కట్టిన నిర్మాణాలు ఆ నిర్వచనంలోకి రావు. తెలంగాణలో చెరువన్నది ఇంచుమించు అంతా మానవనిర్మితమే, సాగుకై కట్టినదే. ఎనిమిది వందల ఏండ్లనాడు కాకతీయులు కట్టిన చెరువు ఈనాడు కొంగకూ, తాబేటికీ, తామరకూ పుట్టినిల్లే అయినా, పుట్టుక వలన అది చిత్తడినేల కాకపోయినది. ఇక మిగిలినవి 2002 నాటి వాల్టా చట్టం, 1357 ఫసలీ నాటి నీటిపారుదల చట్టం, రెవెన్యూ చట్టాలు. వాల్టా పేరులోనే నీరు, భూమి, చెట్లు మూడూ ఒక్క వరుసలో ఉన్నవి. చట్టానికి పేరు పెట్టినవారు నీటి స్వభావాన్ని చక్కగా గ్రహించినారనవలసినదే. 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెరువులు, కుంటలు ప్రకృతి ప్రసాదాలని, వాటిని ఇండ్ల స్థలాలుగా పంచరాదని తీర్పు చెప్పినది. ఎండిన చెరువు కూడా చెరువేనన్నది ఆ తీర్పులోని సారాంశం. శిఖమనే మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్య దొరకదు.

ఇతర దేశాలవారు ఈ చిక్కును ఎట్లు విప్పుకొన్నారో చూడడం అనవసరం కాదు. సింహళద్వీపంలోని ఎండ ప్రాంతంలో మన గొలుసుకట్టు చెరువులవంటివే ఉన్నవి. అక్కడ చెరువు అనగా నీరు, కట్ట మాత్రమే కాదు. నీటి ఎగువ అంచున గాలిని అడ్డుకొనే చెట్లవరుసను గస్‌గొమ్మన అంటారు. చెరువులోకి వచ్చే నీటిని వడకట్టే గడ్డిమైదానం పెరహన. కట్టకు దిగువన, పొలానికి ఎగువన ఉప్పును పీల్చుకొనే చిన్న పొద కట్టకడువ. తెలుగు చెవికి చుట్టంవలె వినిపించే మాట! ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పేరున్నది గనుక ఒక భాగం పోతే పోయినదని ఊరివారికి తెలుస్తుంది. పేరులేని వస్తువు పోయినా ఎవరూ ఫిర్యాదు చేయలేరు. తెలుగులో కట్ట, తూము, మత్తడి, కట్టుకాలువ, శిఖం అన్నిటికీ పేర్లున్నవి. నీటికీ దుక్కికీ మధ్యనుండే ఆ గడ్డిపట్టెకు మాత్రం ఊరూరా చెల్లే పేరొకటి లేదు.

అమెరికాలో చెసపీక్ అఖాతంలోకి ఆరు రాష్ట్రాల నీరు దిగుతుంది. పొలాల ఎరువు, పట్టణాల మురుగు చేరి చేపలు, గుల్లలు నశిస్తుండగా 1983లో మేరీలాండు, వర్జీనియా, పెన్సిల్వేనియా రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టను, కేంద్ర పర్యావరణ సంస్థ కలిసి ఒడంబడిక చేసుకున్నవి. 1996లో వారొక లెక్క పెట్టుకున్నారు: 2010వ సంవత్సరానికి 2,010 మైళ్ల పొడవున వాగుల ఒడ్డున చెట్లపట్టె పెంచాలని. అంకెకూ సంవత్సరానికీ పొత్తు కుదిర్చిన ఆ చమత్కారం అలా ఉండగా, 2002 నాటికే ఆ లెక్క పూర్తయినది. అఖాతం పూర్తిగా బాగుపడినదని కాదు. ఆ పని ఇప్పటికీ సాగుతూనే ఉన్నది. కాని మైళ్లలో కొలిచే లక్ష్యం ఉన్నచోట ఎవరి పాలు ఎంతో తేలుతుంది. మంజీర మూడు రాష్ట్రాలది. దాని నీటి పంపకానికి గోదావరి జలవివాదాల ట్రిబ్యునలు 1980లో తీర్పు చెప్పినది, ఎవరికెన్ని టి.ఎం.సి.లో అందులో ఉన్నది. ఆ నీటితో దిగివచ్చే మట్టికి మాత్రం అటువంటి పంపకం లేదు.

దగ్గరలోనే ఒక మంచి ఉదాహరణ లేకపోలేదు. మెదక్, కామారెడ్డి జిల్లాల సరిహద్దున ఆలేరు వాగుపై 1916, 1922ల మధ్య కట్టిన పోచారం జలాశయం సాగునీటికి పుట్టినదే. నిజాం ప్రభువుల వేటస్థలమైన ఆ చుట్టుపట్ల అడవి 1952లో వన్యప్రాణి అభయారణ్యమైనది. తూము నీటిపారుదల శాఖది, ఒడ్డు అటవీ శాఖది. ఇరువురికీ చెరొక పని ఉన్నందున నీటి అంచు దుక్కికి గురికాలేదు. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి, మెదక్ ప్రాంతాలలో కుంభవృష్టి కురిసి, కామారెడ్డి జిల్లాలో పలుచోట్ల చెరువుకట్టలకు గండ్లు పడి, రహదారులు కొట్టుకుపోయినప్పుడు పోచారం ఆనకట్టమీదుగా కనీవినీ ఎరుగని వరద పొర్లినది. ఒక ప్రక్క మట్టి కోసుకుపోయి అందరి ప్రాణాలూ గుప్పిట పెట్టుకొనవలసి వచ్చినది. నూరేండ్లు దాటిన ఆ రాతికట్ట నిలిచినది. అడవి ఉన్నందుననే నిలిచినదని తొందరపడి చెప్పడం సరికాదు. అది కట్టినవారి పనితనం. గండిపడిన కుంటలలో ఎన్నింటికి మత్తడి దారి పొలాలుగానో ప్లాట్లుగానో మారి ఉన్నదో లెక్క తీస్తే మాత్రం ఆ లెక్క పాఠశాలల్లో చెప్పదగిన పాఠమవుతుంది.

ఆ లెక్కకు పెద్ద పరికరాలు అక్కరలేదు. ప్రతి గ్రామానికీ రెవెన్యూ నక్షా ఉన్నది. అందులో చెరువు సర్వే నంబరు, దాని శిఖం విస్తీర్ణం, వాగు పోకడ గుర్తించి ఉంటాయి. సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు ఎనిమిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకొని, నక్షా నకలు చేతబట్టి, మత్తడి దగ్గర బయలుదేరి వాగు వెంట నడిస్తే ఒక పూటలో తరువాతి చెరువు చేరవచ్చును. నక్షాలో వాగు వెడల్పు ఎంత, నేలమీద ఎంత అని టేపుతో కొలవవచ్చును. ఒడ్డున ఏ చెట్లున్నవో, ఎక్కడ ఇసుక తీసినారో, ఎక్కడ మురుగు కలుస్తున్నదో వ్రాసుకోవచ్చును. బతుకమ్మనాడు తంగేడు, గునుగు పూలకై ఏ గట్లమీద తిరిగినారో పిల్లలకు తెలుసు; ఆ గట్లలో ఇంకా మిగిలినవెన్నో ఇంటిదగ్గర అమ్మను, నాయనమ్మను అడిగి తెలుసుకోవచ్చును.

బోధను పొలాలలో ఏ ఒర్రె వెంట నడిచినా చివరకది మంజీరలోనో హరిద్రలోనో కలిసి కందకుర్తి చేరుతుంది. అక్కడనుండి గోదావరి తూర్పుకు సాగి, నందిపేట ప్రాంతంలో మెల్లగా విస్తరిస్తూ శ్రీరామసాగరం వెనుకనీరుగా మారుతుంది. వేసవిలో ఆ నీరు వెనుకకు తగ్గినప్పుడు మిగిలే పచ్చికమీద కృష్ణజింకలు మేయడానికి వస్తాయి. పోచంపాడు వద్ద ఆ ప్రాజెక్టుకు 1963 జూలై 26న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేసినారు. మొదట 112 టి.ఎం.సి.ల నీరు పట్టేటట్లు కట్టిన ఆ జలాశయంలో 1994లో సర్వే జరిపినప్పుడు చోటు 90 టి.ఎం.సి.లకు దిగినట్లు తేలినది.